అర్ధణా కూలి నుంచి ఉపాధి కూలి దాకా

"సర్కారు ఊరికే డబ్బులిస్తుంటే ఇంక పనికెవరొస్తారండీ?" ఈ మాట వినబడని ఇల్లు మన మధ్యతరగతిలో ఉంటుందా? అంట్లు తోమే మనిషి రెండ్రోజులు రాకపోతే చాలు, తప్పంతా పథకాలదే అయిపోతుంది. ఇదేదో ఈ కాలపు మాట అనుకుంటాం గాని, దీని వయసు నూటయాభై ఏళ్ళు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కథ చదువుతుంటే నాకు అదే అనిపించింది.

1876లో వానలు మొహం చాటేశాయి. మన పెద్దలు 'ధాత కరువు' అన్నది దాన్నే. ఆదోని తాలూకా అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో. ఆదోనికి రైలు 1871 నాటికే వచ్చింది. రైల్లో ధాన్యం తేవచ్చు, సరే. కొనడానికి చేతిలో కాసు ఉండొద్దూ? అందుకే సర్కారు కరువు పనులు పెట్టి కూలి ఇచ్చింది.

ఇంతలో సర్ రిచర్డ్ టెంపుల్ దొరగారు వచ్చారు. కూలి ఎక్కువైతే అవసరం లేనివాళ్ళు కూడా ఎగబడతారని ఆయన భయం. 1877 మొదట్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను గింజల ఖరీదు, పైన అర్ధణాకు దించారు. పౌనంటే అరకిలో కన్నా తక్కువే. రోజంతా మట్టి మోసే మనిషికి! ఆ తిండితో ఒళ్ళు నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి మళ్ళీ పెంచారు. కాని 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, బళ్ళారి జిల్లాలో సుమారు అయిదో వంతు, కర్నూలు జిల్లాలో సుమారు పావు వంతు జనం తగ్గిపోయి కనిపిస్తారు.

చేను ఎండితే రైతు చెడతాడు, అది తెలిసిందే. మగ్గానికి వానతో పనిలేదు గదా, నేతగాళ్ళెందుకు పస్తులున్నారు? గింజలే కొనలేని ఇల్లాలు చీర కొంటుందా మరి! కూలివాళ్ళ చేతిలో డబ్బు ఆడకపోతే అంగడి ఆడదు. అంగడి ఆడకపోతే మగ్గం ఆడదు. నేతగాళ్ళకు వాళ్ళ వృత్తిలోనే సాయం చెయ్యాలన్న మాట తర్వాత కరువు నిబంధనల్లోకి ఎక్కింది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువాళ్ళు ఊరూరా పేరు తెచ్చుకున్నాయంటే ఆ చలవే.

అయినా ఈ సీమకు 'సుగ్గి' తప్పలేదు. పంటలు లేని నెలల్లో ముసలివాళ్ళను ఇంటికి కాపలా పెట్టి, పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికో, మిరపకాయలు కోయడానికో పోవడమే సుగ్గి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కర్నూలు జిల్లాకు 2007లో వచ్చింది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, ఆడైనా మగైనా ఒకే కూలి. దొరగారి భయం మళ్ళీ లేచింది: "ఇంక పొలం పనికెవరొస్తారు?"

దీనికి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. 2010 తర్వాత ఈ కూలి సరిగ్గా చేతికందేలా స్మార్ట్ కార్డులు పెట్టారు. కర్నూలుతో సహా 8 జిల్లాల్లోని 157 మండలాల్లో, ముందుగా ఎక్కడ ఇవ్వాలో చీటీలు వేసినట్టు ఎంచి, ఆర్థికవేత్తలు ఫలితం చూశారు. సర్కారు ఖర్చు పెరగకుండానే పేదిళ్ళ రాబడి నూటికి 13 దాకా పెరిగింది. అందులో ఎక్కువ భాగం బయటి పనుల్లో సంపాదించిందే! బయటి కూలిరేట్లు పెరిగాయి, పని దొరకని రోజులు తగ్గాయి. ఎందుకంటారా? ఊళ్ళో ఇంకో పని ఉందంటే కూలిమనిషి నోరు తెరిచి రేటు అడగగలదు. వచ్చిన డబ్బు కిరాణా కొట్టుకో, బట్టల అంగడికో చేరి అక్కడ ఇంకొకరికి పని పుట్టిస్తుంది.

పత్తి తీతల వేళ మనుషులు దొరక్క చిన్న రైతు పడే బాధ అబద్ధమని నేననను. పనులు వేసవిలో పెడితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. కూలి డబ్బు నెలల తరబడి రాకపోతే మాత్రం ఎంత మంచి పథకమైనా సుగ్గిని ఆపలేదు.

కూలిరేటు పెరిగిందని విసుక్కునే ముందు మనం ఒక లెక్క వేసుకోవాలి. ఊళ్ళోనే పని దొరికి తల్లి సుగ్గికి పోనక్కర్లేని ఇంట్లో, ఆ నాలుగు నెలలూ బడి మానకుండా చదువుకునే ఆడపిల్ల ఉంటుంది. ఆ పిల్ల చదువు ఖరీదెంతో కూడా అందులో కలపాలి.