మన బీరువాలోని గాజు సామాను

నేటాలులోని మన తెలుగువారి ఇండ్లలో ముందుగదిలో అద్దాల బీరువా ఉంచడం పాత అలవాటు. అందులోని గాజు గిన్నెలు, గ్లాసులు ఎక్కడివని అడగండి. “ముత్తవ్వ ఓడలో తెచ్చింది” అనే జవాబు వస్తుంది. మా ఇంట్లోనూ ఒక ఊదారంగు గిన్నె కలదు. మా మేనత్త దానికీ ఓడ కథే చెబుతుంది.

ఈ మాటను కొంచెం పరిశీలించవలసి ఉన్నది. 1860 నవంబరు 16న “ట్రూరో” అనే ఓడ మద్రాసు నుండి డర్బను చేరింది. 1911 వరకు 1,52,000 మందికి పైగా గిర్మిటు మీద ఇక్కడికి వచ్చారు. వారిలో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల మనవారు ఉన్నారు. అంత ప్రయాణంలో, మూటలో ఇత్తడి చెంబు నిలుస్తుంది గాని గాజు నిలుస్తుందా? నిలిచినా, చెరకు తోట బారక్సులో దాన్ని పెట్టుకొనే చోటేది?

గిన్నె తన సాక్ష్యం తానే చెబుతున్నది. పూర్వం గాజులోని ఆకుపచ్చ ఛాయ పోవడానికి మాంగనీసు కలిపేవారు. అటువంటి గాజుకు ఏండ్ల తరబడి ఎండ తగిలితే ఊదారంగు వస్తుంది. 1914–18 యుద్ధం తరువాత ఆ పద్ధతి బాగా తగ్గిపోయింది. కాబట్టి మా గిన్నె ఆ కాలానికి ముందుదో, ఆ కాలానిదో అయి ఉండాలి. దాని పువ్వులు చేతితో చెక్కినవి కావు. ప్రక్కన సన్నని అతుకు గీత ఉన్నది. అంటే కరిగిన గాజును అచ్చులో నొక్కి చేసినది. అచ్చు సామాను దొరల ఇండ్లలో చౌక సరుకే.

మనవారికి అది చౌక కాదు. గిర్మిటులో మొదటి ఏడు కూలి నెలకు 10 షిల్లింగులు. తరువాత ఏటా నెలకూలి ఒక్కొక్క షిల్లింగు పెరిగేది. 1895 చట్టం వచ్చాక, కొత్తగా వచ్చినవారు గడువు తీరిన తరువాత తిరిగి పోకుండా, మళ్ళీ గిర్మిటు వ్రాయకుండా ఇక్కడే ఉంటే ఏటా 3 పౌనుల పన్ను కట్టాలి. లెక్క వేయండి: అది మొదటి ఏటి కూలిలో ఆరు నెలల డబ్బు! 1913 సమ్మె జరిగాక, 1914లో ఆ పన్ను రద్దయింది.

మా నాయనమ్మ చెప్పిన మాట ఈ లెక్కకు సరిపోతున్నది. “పన్ను పోయిన ఏడు మా అత్త రెండు బుట్టల మిరపకాయలు అమ్మి దీన్ని కొన్నది. మూడు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు” అనేది. మాకు ఓడ కథ కంటె ఈ మిరపకాయల కథే గొప్పగా తోస్తున్నది.

1950 నాటి గ్రూపు ఏరియాస్ చట్టం క్రింద, 1960లలో మావారు కాటో మేనరులోని ఇల్లు వదిలి చాట్స్‌వర్తు పోవలసి వచ్చింది. ఊరగాయ సీసాలు, రోజూ సాయంత్రం బూడిదతో తోమే లాంతరు చిమ్నీలు అక్కడే పోయాయి. ఈ గిన్నెను మాత్రం నాయనమ్మ బియ్యపు డబ్బాలో, బియ్యం నడుమ పాతి తెచ్చింది. అంచున చిన్న పెచ్చు ఊడింది, అంతే.

ఇదంతా మేనత్తకు వినిపించాము. ఆమె శ్రద్ధగా విన్నది. “అట్లాగా? కాని ఓడలోనే వచ్చింది” అన్నది.