ఏరు వెళ్లిపోయిన వంతెన

మా అమ్మ ఇంగ్లండ్ వచ్చిన మూడో వారంలో ఆమెను క్రోలండ్ తీసుకెళ్లాను. మేముండే పీటర్బరో నుంచి కారులో ఇరవై నిమిషాలు. లింకన్‌షైర్ దక్షిణపు అంచున, కనుచూపు మేర చదునైన పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు. పాత రాతి వంతెన చూపిస్తానని బయల్దేరదీస్తే, కారెక్కగానే అమ్మ పర్సులోంచి ఒక నాణెం తీసి గుప్పిట్లో పెట్టుకుంది. రైలు గోదావరి దాటుతుంటే నీళ్లలో రూపాయి వెయ్యకుండా ఆమె ఏనాడూ కూర్చోలేదు.

వంతెన ఊరి నడిబొడ్డున, రోడ్డు పక్కనే ఉంది. అమ్మ దాని కిందికి వంగి చూసింది. నీటిబొట్టు లేదు, గట్టి నేల.

"ఏరేదిరా అబ్బాయ్?"

నాలుగేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు నాకూ ఇదే అనుమానం. మామూలు వంతెనకు రెండు కొసలుంటాయి, దీనికి మూడు. మూడు వైపుల నుంచి మెట్ల దారులు పైకి లేచి నడినెత్తిన కలుస్తాయి. కింద నిలబడి తలెత్తితే మూడు కమానుల రాతి పక్కటెముకలు వచ్చి ఒక్కచోట ముడిపడడం కనిపిస్తుంది. ఈ వింత ఆకారం వెనక ఉన్నది పిసినారి లెక్క. వెలండ్ నదీ దాని ఉపనదీ ఇక్కడే కలిసేవి. రెండు ఏర్లు కలిస్తే మూడు గట్లు ఏర్పడతాయి. గట్టుకీ గట్టుకీ మధ్య ఒకటి చొప్పున మూడు వంతెనలు కట్టాలి. వీళ్లు సంగమం మీదే ఒక్కటి కట్టి మూడు పనులూ కానిచ్చారు. మెట్లు ఎంత నిటారుగా ఉంటాయంటే బండి ఎక్కే ప్రశ్నే లేదు. మనుషులకీ, మహా అయితే మూటలు మోసే గుర్రాలకీ సరిపోయే దారి. అమ్మ నాలుగు మెట్లెక్కి, మోకాలు పట్టుకుని దిగిపోయింది.

ఇప్పుడున్న రాతి కట్టడం 1360కీ 1390కీ మధ్యది. అంతకుముందు కర్ర వంతెన ఉండేది. ఎప్పటి నుంచి అంటే మాత్రం కథ చిక్కుపడుతుంది. ఇక్కడి క్రైస్తవ మఠానికి ఒక చరిత్ర గ్రంథం ఉంది. అందులో పాత రాజుల దానశాసనాలు బోలెడు. 716లో ఎథెల్‌బాల్డ్ రాజు మఠం పెట్టించాడనీ, 943లో ఎడ్రెడ్ రాజు ఇచ్చిన శాసనంలో ఈ మూడు మూలల వంతెన ప్రస్తావన ఉందనీ చెబుతారు. తమాషా ఏమిటంటే ఎడ్రెడ్ పట్టానికొచ్చిందే 946లో. ఆ శాసనాలు మఠం భూముల తగాదాల కోసం తర్వాతి సన్యాసులు పుట్టించినవని 19వ శతాబ్దపు చరిత్రకారులు తేల్చేశారు. స్థలపురాణాలు వింటూ పెరిగిన నాకు ఆ సన్యాసుల మీద కోపం రాలేదు. కాకపోతే మన పూజారులు దేవుణ్ణి సాక్షిగా పిలుస్తారు, వీళ్లు రాజుగారి ముద్రను పిలిచారు.

అసలు ఇక్కడ మఠం ఎందుకు వెలిసిందో తెలియాలంటే ఈ నేల ఒకప్పుడు ఎలా ఉండేదో తెలియాలి. ఈ ప్రాంతాన్ని ఫెన్స్ అంటారు. మనవాళ్లకు చెప్పాలంటే కొల్లేరు, దానికి ఎన్నో రెట్లు. రెల్లు, బురద, అక్కడక్కడ లంకలు. అలాంటి ఒక లంక మీదికి 699లో గుత్‌లాక్ అనే మాజీ సైనికుడు ఒంటరిగా తపస్సుకు వచ్చాడు. రాత్రిళ్లు అతన్ని దయ్యాలు పీడించాయట, అవి ప్రాచీన బ్రిటన్ల భాషలో మాట్లాడేవట. బతికున్న శత్రువుల భాష దయ్యాల నోట్లో పెట్టడం ఏ దేశంలోనైనా ఒకటేనేమో. ఆయన 714లో పోయాడు, సమాధి చుట్టూ మఠం పెరిగింది. దానికి రాళ్లు బార్నాక్ గనుల నుంచి పడవల మీద వచ్చాయి.

ఆ బురదలో జనం బాగానే బతికారు. మలుగు చేపలు, అడవి బాతులు, పైకప్పులకు రెల్లు. శిస్తు కూడా మలుగు చేపల లెక్కన కట్టిన రోజులున్నాయి. కర్రకాళ్లు కట్టుకుని నీళ్లు దాటేవాళ్లు. చలిజ్వరం ఇంటింటా ఉండేది, దానికి మందు పెరట్లో పండించిన గసగసాల కాయల కషాయం. నల్లమందు మత్తులో పని చేసుకుపోయేవాళ్లన్నమాట.

1630లో బెడ్‌ఫర్డ్ ఎర్ల్ అనే ప్రభువు, పెట్టుబడిదారులను కూడగట్టుకుని, ఈ నీళ్లన్నీ తోడేయడానికి పూనుకున్నాడు. పనికి వెర్ముయిడెన్ అనే డచ్ ఇంజనీరును పెట్టుకున్నారు. మధ్యలో అంతర్యుద్ధం వచ్చి పని ఆగింది. ఆ యుద్ధంలో రాజు పక్షం పట్టిన క్రోలండ్‌ను 1643లో ఎదుటి పక్షపు సేనాని క్రామ్‌వెల్ దళాలు పట్టుకున్నాయి. తర్వాత పని మళ్లీ మొదలైనప్పుడు స్కాట్లండ్, డచ్ యుద్ధఖైదీల చేత కాలవలు తవ్వించారు. చేపలు, రెల్లు పోయిన ఊళ్ల జనం రాత్రిపూట వచ్చి గట్లు తెగ్గొట్టారు. నాకైతే వాళ్ల పక్షమే న్యాయమనిపిస్తుంది. ఎండిన భూమి పెట్టుబడి పెట్టినవాళ్లది, పోయిన చేపలు ఊరివి. ఆ శతాబ్దం నడుమనే క్రోలండ్ ఏర్లను కూడా మళ్లించారు. వంతెన ఉన్నచోటే ఉండిపోయింది.

నీళ్లు పోయాక నేల ఊరుకోలేదు. కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నల్లమట్టి అది. ఎండితే కుంచించుకుపోతుంది, గాలి తగిలి హరించుకుపోతుంది. పొలాలు కుంగి కుంగి కాలవల కన్నా కిందికి దిగాయి. అక్కణ్ణుంచి నీళ్లను పైకి ఎత్తిపోయడానికి గాలిమరలు, వాటి తర్వాత ఆవిరి యంత్రాలు, ఇప్పుడు డీజిలు, కరెంటు పంపులు. పీటర్బరోకి దక్షిణాన హోమ్ ఫెన్‌లో ఒక ఇనప స్తంభం ఉంది. 1851లో నేలమట్టానికి దిగేసిన స్తంభం ఇప్పుడు సుమారు 4 మీటర్లు బయటికొచ్చి ఉంది. స్తంభం పెరగలేదు, నేలే దిగింది. దాని పక్కన నిలబడితే నా తల సగానికి కూడా రాలేదు.

1947 మార్చిలో, మంచు కరిగి వరదొచ్చినప్పుడు, క్రోలండ్ దగ్గర వెలండ్ గట్టుకు గండి పడింది. నీళ్లు పాత చిరునామా మర్చిపోలేదు, పొలాలన్నీ మళ్లీ కొల్లేరయ్యాయి. సైన్యం నీళ్లలోనూ నేల మీదా నడిచే వాహనాలను తెచ్చి ఆ గండిలోనే ముంచి అడ్డు వేసింది.

ఇదంతా అమ్మకు వంతెన దగ్గరే చెప్పాను. ఆమె సగం వింది. మిగతా సగం, వంతెన పిట్టగోడను ఆనుకుని కూర్చున్న రాతి విగ్రహాన్ని చూస్తోంది. మొహం అరిగిపోయి చదునైంది, చేతిలో గుండ్రంగా ఏదో ఉంది. మఠం గోడ మీదినుంచి తెచ్చిన క్రీస్తు విగ్రహమనీ, చేతిలోది భూగోళమనీ అంటారు. కుక్కను తిప్పుతూ అటుగా వచ్చిన ఒక ముసలాయన మాత్రం, "క్రామ్‌వెల్ అమ్మా, చేతిలో రొట్టె" అని అమ్మతో ఇంగ్లీషులో చెప్పి నవ్వుకుంటూ పోయాడు. అమ్మ ఆ ఒళ్లో నాణెం పెట్టబోయి ఆగింది. "ఏ దేవుడో తేలాక పెడదాంలే," అంది.

మరి ఏరెక్కడికి పోయిందో చూడాలంది. ఊరు దాటి వెలండ్ గట్టెక్కించాను. రెండు పక్కలా ఎత్తు గట్లు, మధ్యలో తాడు పట్టి గీసినట్టు తిన్నగా నీళ్లు. గట్టుకు అవతల పల్లంలో బీట్‌రూట్ చేలు. అమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది.

"ఇది ఏరు కాదురా, కాలవ," అని నాణెం పర్సులో వేసుకుంది.