చెన్నపట్నం ట్రాము - మనమూ వెళ్ళిపోయిన సంవత్సరం

మా కొత్తచెరువు పేరులో చెరువున్నది గాని, ఊరికి దాపున నిండుగా పారే ఏరు లేదు. ఉన్న చిత్రావతి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకమేటగానే కనిపిస్తుంది. ఇటువంటి కరువుసీమలో కూర్చుని ఏటి ఒడ్డు నగరాల ట్రాముబళ్ళను గురించి వ్రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. కారణమున్నది. 1882లో బళ్ళారి నుండి విడివడి ఏర్పడిన అనంతపురం జిల్లాకు 1953 వరకూ రాజధాని చెన్నపట్నమే. దావాకైనా, చదువుకైనా, అచ్చు పనికైనా మా పెద్దలు రైలెక్కి పోవలసింది అక్కడికే. అక్కడ వీధుల్లో గంట మ్రోగించుకుంటూ తిరిగిన ట్రాము, ఆ లెక్కన, మన చరిత్రలోనూ భాగమే.

కూవం, అడయారు నదులు సముద్రంలో కలిసే ఆ నగరంలో 1895 మే 7న విద్యుత్ ట్రాము మొదలయింది. భారతదేశంలో అదే మొదటిది. అప్పటికి కలకత్తాలో ట్రాములను గుర్రాలు లాగుతున్నాయి. అక్కడ విద్యుత్తు వచ్చింది 1902లో. లండను వీధుల్లో విద్యుత్ ట్రాములు క్రమంగా నడవడం 1901లో మొదలయింది. అంటే పాలించే దేశపు రాజధానికన్నా పాలితుల పట్టణం ఆరేళ్ళు ముందున్నదన్నమాట!

మొదట్లో తలపై తీగలు లేవు. రోడ్డులో ఒక సన్నని చీలిక, దాని క్రింద కాలువ వంటి గొట్టం, అందులో కరెంటు తీగ. బండి నుండి దిగిన ఒక పరికరం ఆ చీలికగుండా తీగను తాకి విద్యుత్తును అందుకునేది. చూపుకు అందమైన ఏర్పాటే. కాని ఈశాన్య ఋతుపవనం వచ్చి వీధులు జలమయమైతే ఆ గొట్టాలలోకి నీరు చేరేది. పల్లపు నేల మీద కట్టిన పట్టణానికి పనికివచ్చే పద్ధతి కాదది. చివరకు తీగలను స్తంభాలకెత్తి తలమీదుగా నడిపించవలసి వచ్చింది. యంత్రాన్ని తెచ్చుకున్నంత సులువుగా నేలనూ వాననూ తెచ్చుకోలేము గదా! మొదటి కంపెనీ నిలద్రొక్కుకోలేకపోయింది. 1904లో ఏర్పడిన మరో కంపెనీ చేతికి వచ్చి ట్రాము స్థిరపడింది. 1921 నాటికి సుమారు 24 కిలోమీటర్ల దారిలో 97 బళ్ళు తిరిగేవి.

ఆ దారులు సాగిన జార్జిటౌనులోనే తంబుచెట్టి వీధి. 1914లో బొంబాయి నుండి తరలివచ్చిన ఆంధ్రపత్రిక కార్యాలయం ఆ వీధిలోదే. తెలుగు అచ్చు వ్యాపారానికి అర్ధశతాబ్దం పాటు గుండెకాయ వంటి ఆ పేటలో ప్రూఫులు దిద్దేవారు, కంపోజిటర్లు, గుమాస్తాలు, పరీక్షలకు వచ్చిన విద్యార్థులు ఎందరో ఉండేవారు. మోటారు కారు కొనగల స్థోమత వారిలో ఎందరికి? అటువంటివారి బండి ట్రాము.

మరి ఎందుకు ఆగిపోయింది? బస్సులు వచ్చాయి గనుక అని సాధారణంగా చెబుతారు. అది సగం నిజం. 1947లో మదరాసు ప్రభుత్వం నగరంలో బస్సులను తానే నడపడం మొదలుపెట్టింది. ట్రాము మాత్రం కంపెనీ చేతిలోనే ఉండిపోయింది. నష్టం వచ్చినా ప్రజల బండి గనుక నడపాలన్న న్యాయం బస్సుకు వర్తించి, ట్రాముకు వర్తించలేదు. కంపెనీ దివాలా దిశగా పోయింది. 1953 ఏప్రిల్ 12న ట్రాములు నిలిచిపోయాయి. బొంబాయిలో ఇదే ముగింపు 1964లో వచ్చింది.

ఇప్పుడు తారీఖులు ఒకసారి ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. పొట్టి శ్రీరాములు గారు అమరులైనది 1952 డిసెంబరు 15న. నాలుగు రోజుల తరువాత నెహ్రూ ఆంధ్రరాష్ట్రాన్ని ప్రకటించారు, మదరాసు నగరాన్ని మినహాయించి. 1953 ఏప్రిల్‌లో ట్రాము ఆగింది. అక్టోబరు 1న మనం కర్నూలుకు తరలాము. "మదరాసు మనదే" అని వాదించిన ఆ రోజుల్లోనే, ఆ నగరపు సామాన్యుని బండి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

ఆ తరువాత మన రాజధానులన్నీ ఏటి ఒడ్డునే వెలిశాయి. తుంగభద్ర ఒడ్డున కర్నూలు, మూసీ ఒడ్డున హైదరాబాదు, కృష్ణ ఒడ్డున అమరావతి. హైదరాబాదుకు 2003లో ఎంఎంటీఎస్, 2017లో మెట్రో వచ్చాయి. విజయవాడ మెట్రో ఊసు 2014 నాటి పునర్విభజన చట్టంలోనే ఉన్నది. నడుమ దానిని తేలికపాటి రైలుగా మార్చాలన్న ఆలోచన కూడా సాగింది. కాగితాలు మారాయి గాని పట్టాలు మాత్రం ఇంకా పడలేదు. అటు మదరాసు 2015లో మెట్రో ప్రారంభించి, తరువాత కూవం నది అడుగునుండి కూడా సొరంగం తీసి రైలు నడుపుతున్నది. ఊడబెరికిన చోటనే మళ్ళీ పట్టాలు వేయడానికి ఆ నగరానికి అరవైరెండేళ్ళు పట్టింది, వేలకోట్లు ఖర్చయింది. ఉన్నదాన్ని నిలుపుకోవడం ఎంత చవకో పోగొట్టుకున్నాక గాని తెలియదు.

1953లో పదేళ్ళ పిల్లవాడికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. మీ ఇంట అటువంటి పెద్దలుంటే, చెన్నపట్నంలో ట్రాము ఎక్కారేమో ఒకమాట అడగండి. టిక్కెట్టు ఎంతో, గంట చప్పుడు ఎలా ఉండేదో, ఏ మలుపులో దిగేవారో వ్రాసి పెట్టండి. మన ఊళ్ళ నుండి వెళ్ళినవారి ప్రయాణాలు కంపెనీ లెక్కలలో దొరకవు. అవి వారి నోటనే ఉన్నాయి, అవీ ఇంకెన్నాళ్ళో ఉండవు.