మారిబ్ ఆనకట్ట – సబా ప్రభుత్వం

ప్రాచీన నాగరికతల ప్రస్తావన రాగానే ఈజిప్టు, బాబిలోన్, సింధులోయ పేర్లు స్ఫురిస్తాయి. ఇవన్నీ మహానదుల తీరాన వెలసినవి. కాని ఎడారి అంచున, ఏడాదికి రెండుసార్లు మాత్రమే వరద వచ్చే ఒక వాగును ఆధారం చేసుకుని వెయ్యేళ్ళకు పైగా వర్ధిల్లిన నాగరికత మరొకటి ఉంది. అదే దక్షిణ అరేబియాలోని సబా. నేటి యమన్ దేశంలోని మారిబ్ దాని రాజధాని.

దివ్య ఖుర్ఆన్ సబాను రెండు చోట్ల ప్రస్తావించింది. 27వ అధ్యాయంలో సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) కాలపు సబా రాణి వృత్తాంతం ఉంది. ఆ జాతి పేరనే వెలసిన 34వ అధ్యాయంలో కుడి ఎడమల రెండు తోటలు, జాతి కృతఘ్నత, ‘అరిమ్’ వరద, ఆ తరువాత మిగిలిన చేదు పండ్ల చెట్లు వర్ణించబడ్డాయి. ఈ ‘అరిమ్’ అనే మాటకు అర్థమేమిటని వ్యాఖ్యాతలు చాలాకాలం చర్చించారు. కొందరు అది లోయ పేరన్నారు, కొందరు కట్ట అన్నారు. మారిబ్ శిలాశాసనాలు చదవడం సాధ్యమైన తరువాత ఆనకట్టకు సబా ప్రజలు వాడిన మాట ఇదేనని తేలింది.

పదం అర్థం తేలినా అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. వెయ్యేళ్ళకు పైగా నిలబడిన కట్ట ఎందుకు నిలబడలేకపోయింది? దీనికి సమాధానం రాళ్ళలో కంటే ఆ ప్రజల ప్రభుత్వ వ్యవస్థలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆనకట్ట పనితీరు

పశ్చిమాన ఉన్న ఎత్తైన కొండల మీద వసంతకాలంలో ఒకసారి, వేసవి చివర మరొకసారి వర్షాలు కురుస్తాయి. ఆ నీరంతా అధనా వాగులో చేరి, బలఖ్ కొండల మధ్యనున్న ఇరుకైన సందు గుండా మారిబ్ మైదానంలోకి దూకుతుంది. ఆ సందులోనే సబా ప్రజలు సుమారు 600 మీటర్ల పొడవున మట్టికట్ట పోసి, నీటి వైపు రాళ్ళు పరిచారు. రెండు కొనల వద్ద చెక్కిన రాళ్ళతో బ్రహ్మాండమైన తూములు నిర్మించారు. అవి నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ తూముల నుండి బయలుదేరిన కాలువలు వాగుకు ఇరుపక్కలా ఉన్న రెండు ఆయకట్టులను తడిపేవి. ఖుర్ఆన్ ప్రస్తావించిన రెండు తోటలు ఈ రెండు ఆయకట్టులేనని ఆధునిక పరిశోధకులు గుర్తించారు. రెండూ కలిపి సుమారు 9,600 హెక్టార్లు.

ఈ కట్ట నీటిని ఏళ్ళ తరబడి నిల్వ ఉంచే జలాశయం కాదు. వేగంగా వచ్చే వరదను అడ్డగించి, పొలాల ఎత్తుకు లేపి, కాలువల్లోకి మళ్ళించడమే దాని పని. అయితే వరద నీటితోపాటు ఒండ్రు కూడా పొలాల్లోకి చేరేది. నేల సారవంతమయ్యేది, కాని ఏటేటా కొద్దికొద్దిగా ఎత్తు పెరిగేది. కొన్ని చోట్ల ఈ ఒండ్రు దాదాపు 30 మీటర్ల మందాన పేరుకుపోయింది. పొలం ఎత్తు పెరిగితే కట్టను కూడా ఎత్తు చేయక తప్పదు. కట్ట పెరిగినకొద్దీ దాని వెనుక పూడిక పెరుగుతుంది, దాని మీద నీటి ఒత్తిడీ పెరుగుతుంది. అంటే ఈ నిర్మాణం ఒక్కసారి కట్టి వదిలేసేది కాదు. ప్రతి తరమూ వేలాది చేతులతో మళ్ళీ కట్టవలసినది.

దేవుడు, పాలకుడు, ప్రజ

ఇంతమందిని ఒక్క పనికి ఎలా సమీకరించారు? సబా తొలి పాలకుల బిరుదు ‘ముకర్రిబ్’. దీనికి ‘ఏకం చేసేవాడు’ అని చాలామంది పండితులు అర్థం చెప్పారు. అస్సీరియా చక్రవర్తి రెండవ సార్గోను క్రీ.పూ. 715 ప్రాంతంలో సబాకు చెందిన ఇతఅమర్ నుండి కానుకలు అందుకున్నట్లు రాయించాడు. ఆ తరువాత సెన్నాకెరిబ్ శాసనంలో కరిబిలు పేరు కనిపిస్తుంది. ఈ కరిబిలే సిర్వాహ్ ఆలయంలో తన దండయాత్రలను సుదీర్ఘ శాసనంగా చెక్కించిన కరిబిల్ వతర్ అని చరిత్రకారుల అభిప్రాయం. ఒక్క ఔసాన్ రాజ్యంతో జరిగిన యుద్ధంలోనే 16,000 మందిని చంపి, 40,000 మందిని బందీలుగా పట్టినట్లు అతడు చెప్పుకున్నాడు. ఏకం చేయడమంటే అన్ని వేళలా సౌమ్యమైన పని కాదని దీనివల్ల తెలుస్తుంది.

అదే శాసనంలో రాజ్యాన్ని సూచించడానికి వాడిన పదబంధం గమనార్హం. అక్కడ రాజ్యం అంటే ఒక భూభాగం పేరు కాదు, మూడు పేర్ల కలయిక: అల్మఖహ్, కరిబిల్, సబా. మొదటిది దేవుడు, రెండవది పాలకుడు, మూడవది ప్రజ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తొలగినా రాజ్యం లేదన్నమాట.

అల్మఖహ్ సబా జాతి ప్రధాన దైవం. మారిబ్ శివార్లలోని అవామ్ ఆలయం అతని మహాక్షేత్రం. దీనితోపాటు అథ్తర్ వంటి దైవాలూ, షమ్స్ అనే సూర్యదేవతా పూజలందుకున్నాయి. రాణి, ఆమె జాతి సూర్యుణ్ణి పూజించేవారని ఖుర్ఆన్ తెలిపిన విషయం ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగింది. ఆలయం కేవలం పూజాస్థలం కాదు. ఆదాయంలో పదోవంతు అక్కడికి చేరేది. పలు తెగలు ఏటేటా యాత్రగా వచ్చి అక్కడ కలుసుకునేవి. పంట బాగా పండినందుకు, బిడ్డ పుట్టినందుకు, జబ్బు నయమైనందుకు పురుషులే గాక స్త్రీలు కూడా తమ పేర శాసనాలు వేయించారు. నియమం తప్పినవారు తమ తప్పును బహిరంగంగా ఒప్పుకుని చెక్కించిన ఫలకాలూ దొరికాయి.

సమాజానికి పునాది ‘షఅబ్’ అనే తెగ. ఇది రక్తసంబంధంతోపాటు ఒకే నేలను, ఒకే నీటిని పంచుకునే సమూహం. పాలకుడు తెగల పెద్దలతో కలిసి శాసనాలు జారీ చేసిన దాఖలాలు ఉన్నాయి. ఇంతవరకు దొరికిన శాసనాల్లో సబా రాణి పేరు కనిపించలేదు. కాని సులైమాన్ ప్రవక్త లేఖ అందగానే ఆమె సర్దారులను సమావేశపరచి, వారి సమక్షంలో తప్ప తాను ఏ వ్యవహారమూ తేల్చనని చెప్పినట్లు ఖుర్ఆన్ వినిపించే వృత్తాంతం, ఈ సంప్రదింపుల పద్ధతికి ఎంతో దగ్గరగా ఉంది.

బంధం సడలిన తీరు

సబా సంపదకు రెండవ ఆధారం సాంబ్రాణి, బోళం వర్తకం. ఒంటెల బిడారులు యమన్ నుండి మధ్యధరా తీరంలోని గాజా వరకు సాగేవి. తిమ్నా నుండి గాజాకు 65 మజిలీలని రోమన్ రచయిత ప్లీనీ లెక్క చెప్పాడు. క్రీ.పూ. 25 ప్రాంతంలో రోమన్ సేనాని ఏలియస్ గాలస్ ఈ సంపద కోసం దండెత్తి వచ్చి, ఆరు రోజులు కోటను ముట్టడించి, నీటి కొరతతో వెనుదిరిగాడు. శత్రువు చేయలేని పనిని సముద్రం చేసింది. రుతుపవనాల ఆధారంగా ఓడలు నేరుగా ఎర్రసముద్రం చేరసాగాయి. బిడారు దారి పలచబడింది. ఎత్తైన కొండ ప్రాంతాల దొరలైన ‘ఖైల్’లు బలపడ్డారు. 3వ శతాబ్దం చివర హిమ్యర్ రాజులు సబాను కలుపుకున్నారు. రాజుల బిరుదులో సబా పేరే ముందు నిలిచింది, కాని సింహాసనం మాత్రం జఫార్‌కు తరలింది. 4వ శతాబ్దం చివరి నాటికి శాసనాల్లో అల్మఖహ్ పేరు మాయమై, ‘రహ్మానాన్’ అనే ఏకదైవం పేరు కనిపించసాగింది.

ఈ విధంగా రాజ్యపు మూడు పేర్లలో పాలకుడు దూరమయ్యాడు, పాత ఆలయం మూతబడింది, తెగలు ఎవరి దొర వెనుక వారు నిలిచాయి. కట్టకు గండ్లు పడిన వార్తలు ఈ కాలపు శాసనాల్లోనే ఎక్కువగా వినిపిస్తాయి. 5వ శతాబ్దం మధ్యలో షరహ్‌బీల్ యఅ్‌ఫుర్ అనే హిమ్యర్ రాజు దాన్ని బాగు చేయించాడు.

క్రీ.శ. 548 నాటి అబ్రహా శాసనం ఈ దశకు అద్దం పడుతుంది. ఇస్లామీయ సంప్రదాయంలో ఏనుగుల సైన్యాధిపతిగా ప్రసిద్ధుడైన అబ్రహా ఇతడే. ఒక తిరుగుబాటును అణచే ప్రయత్నంలో ఉండగా కట్ట తెగిందన్న వార్త అతనికి అందింది. తెగలను పనికి పిలిపించాడు. ఇంతలో అంటురోగం ప్రబలడంతో వారిని ఇళ్ళకు పంపవలసి వచ్చింది. తరువాత మళ్ళీ సమీకరించి పని పూర్తి చేయించాడు. పనివారి భోజనానికి 50,806 కొలతల పిండి, 26,000 కొలతల ఖర్జూరం ఖర్చయినట్లు లెక్క రాయించాడు. పూర్వం తెగలన్నిటినీ కలిపిన ఆలయం గానీ, వారి నడుమ ఉండే పాలకుడు గానీ ఇప్పుడు లేరు. సైన్యబలం, ధాన్యపు లెక్క మాత్రమే మిగిలాయి. వాటితో కట్ట మరికొంత కాలం నిలిచింది. ఆ శతాబ్దం చివరనో, 7వ శతాబ్దం ఆరంభంలోనో పడ్డ చివరి గండిని పూడ్చడానికి ఎవరూ రాలేదు.

చెల్లాచెదురు

కట్ట తెగినందువల్లే గస్సాన్ వారు సిరియాకు, ఔస్, ఖజ్రజ్ తెగలు యస్రిబ్‌కు వలసపోయాయని అరబ్బు వంశచరిత్రకారులు రాశారు. అయితే గస్సాన్ వారు 6వ శతాబ్దం మొదలు కాకముందే సిరియా సరిహద్దుకు చేరారు. కాబట్టి ఈ వలసలను ఒక్క చివరి గండికి ముడిపెట్టడం కుదరదు. గండి పడిన ప్రతిసారీ కొన్ని కుటుంబాలు వెళ్ళిపోయాయి, వెళ్ళిన ప్రతి కుటుంబంతో కట్ట మోసే చేతులు తగ్గాయి. ‘సబా వారిలా చెదిరిపోయారు’ అనే భావం అరబ్బీలో సామెతగా నిలిచింది.

1986లో పాత కట్టకు ఎగువన కొత్త ఆనకట్ట నిర్మితమైంది. 2015 యుద్ధంలో ప్రాచీన తూముల వద్ద బాంబులు పడి కొంత భాగం దెబ్బతింది. 2023లో యునెస్కో మారిబ్ శిథిలాలను ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ ఒకేసారి చేర్చింది.

ఖుర్ఆన్ వరద కంటే ముందు ఆ జాతి ముఖం తిప్పుకోవడాన్ని ప్రస్తావించింది. శాసనాల సాక్ష్యం కూడా అదే వరుసలో ఉంది. ముందు తెగింది మనుషుల నడుమ ఉన్న కట్టుబాటు. నీటిని ఆపిన కట్ట ఆ తరువాతే తెగింది.