మసేరీ కొనే ముందు గది కొలవండి: పందిరిమంచాల రకాలు, కొలతలు, ఖర్చులు

షవ్వాల్ నెల వచ్చిందంటే మన ఇళ్లల్లో నిఖా మాటలు మొదలవుతాయి. మెహర్ దగ్గర కాసేపు, దావత్ దగ్గర ఇంకాసేపు ఆగి, చివరికి ఫర్నిచర్ దగ్గరికి వస్తాయి. 'పిల్లకు మసేరీ పెడుతున్నారు కదా?' అని అటువైపు పెద్దవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటతో ఇటువైపు వాళ్లకు నిద్ర పట్టదు.

మసేరీ అంటే తెలియనివారు తక్కువే. మంచం నాలుగు మూలలా స్తంభాలు లేచి, పైన వాటిని కలుపుతూ ఒక చట్రం ఉంటుంది. ఆ చట్రానికి దోమతెరో, పర్దాలో, పూలదండలో కడతారు. తెలుగులో పందిరిమంచం అంటాం. ఇప్పుడు ఫోన్‌లో ఫొటోలు చూపించే పిల్లలు కానపీ బెడ్ అంటున్నారు. మూడూ ఒకటే. అయితే ఫొటోలో ఉన్న గది ఇరవై అడుగులది. మన కంచరపాలెం గది పదడుగులది. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా చూసినవారికి ఆ సందులూ ఆ మెట్లూ వేరే చెప్పక్కర్లేదు. ఈ వ్యాసం ఆ పదడుగుల గది కోసమే.

పేరులోనే దోమ ఉంది

మసేరీ అన్న ఉర్దూ మాట అసలు రూపం మసహరీ. దాని మూలం సంస్కృతంలో ఉంది. మశ అంటే దోమ, హరీ అంటే పోగొట్టేది. ఇంగ్లీషు కానపీ కథ కూడా ఇలాంటిదే. గ్రీకు భాషలో కోనోప్స్ అంటే దోమ, కోనోపియోన్ అంటే దోమతెర కట్టిన మంచం. ఆ మాటే తిరిగి తిరిగి కానపీ అయింది. అంటే ఇటూ అటూ ఈ మంచానికి పేరు పెట్టింది దోమే. చెక్కడాలు, జరీ, అద్దాలు తరవాత వచ్చి చేరాయి. కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే సగం డబ్బు మిగులుతుంది.

మొఘలుల కాలంలో దీన్నే ఛప్పర్‌ఖట్ అనేవారు. ఛప్పర్ అంటే కప్పు, ఖట్ అంటే మంచం. దాని మీద పరిచే పలంగ్‌పోష్ మన తీరం నుంచి ఓడలెక్కి యూరప్ వెళ్లింది. అక్కడివాళ్లు ఆ మాటను పలంపోర్ అని పలికారు. మచిలీపట్నంతో పాటు కోరమాండల్ తీరమంతా చేత్తో గీసి, రంగులద్దిన ఆ నూలుబట్టలను లండన్ దొరసానులు మంచం పర్దాలుగా కట్టుకునేవారు. అక్కడి నేతగాళ్లు గొడవ చేస్తే ఇంగ్లండ్ 1700లోనూ మళ్లీ 1721లోనూ చట్టాలు చేసి అద్దకం బట్టల్ని కట్టడి చేసింది. ఆ కట్టడిలో దొరికిపోయిన మంచం ఒకటి ఇప్పటికీ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అది డేవిడ్ గారిక్ అనే నాటకాల నటుడిది. ఆయన భార్యకు కానుకగా వచ్చిన మన దేశపు అద్దకం బట్టను 1775లో కస్టమ్స్ వాళ్లు పట్టుకుపోయారు. ఒక మంచం పర్దా కోసం అంత పెద్ద నటుడు అధికారులకు ఉత్తరాలు రాసి బతిమాలుకోవాల్సి వచ్చింది.

దోమతెరకు సంబంధించిన ఇంకో కథ మనకు మరీ దగ్గరిది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ పరిశోధనకే 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయనకు సాయపడ్డ రోగి పేరు హుసేన్ ఖాన్. అతన్ని మంచం మీద దోమతెర లోపల పడుకోబెట్టి, పెంచిన దోమల్ని ఆ తెరలోకే వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా లెక్కన ఇచ్చారు. మనమంతా దోమలు లోపలికి రాకుండా తెర కడితే హుసేన్ ఖాన్ దోమలతో పాటు లోపల పడుకున్నాడు.

ఏ రకం ఎలా ఉంటుంది

మన ఇళ్లల్లో అన్నిటికన్నా పాతది టేకు పందిరిమంచం. లేతు మీద తిప్పిన గుండ్రటి స్తంభాలు, తలవైపు చెక్కిన పలక, కొన్నిటికి మధ్యలో అద్దం. స్తంభాల్ని ఊడదీసుకునే వీలు ఉంటుంది. పాతమంచం ఇంట్లో ఉంటే అమ్మేయకండి. పాలిష్ పట్టించి, బిగువు చేయించుకుంటే కొత్తదానికన్నా గట్టిగా ఉంటుంది. ఒకటే జాగ్రత్త, చెక్కడాల సందుల్లో నల్లులు చేరతాయి. ఎండలో పెట్టి, సందు సందూ చూసుకున్నాకే గదిలోకి తేవాలి. పట్టెలు, కోళ్లు గోడవైపు చెదపట్టాయేమో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే వదిలేయండి.

నవాబీ పద్ధతి అని డెకరేటర్లు చెప్పేది ఛప్పర్‌ఖట్‌కు నకలు. పైన కప్పుకు కూడా బట్ట, నాలుగువైపులా బరువైన పర్దాలు, జరీ అంచు, మూలల్లో కుచ్చులు. చూడ్డానికి కళ్లు చెదురుతాయి. విశాఖ ఉక్కపోతలో మే నెల రాత్రి అందులో పడుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. ఈ పద్ధతి ఇష్టపడేవాళ్లు పర్దాలు తలవైపు రెండు మూలలకే కట్టి, మిగతా మూడువైపులా పల్చటి నెట్ వదిలేస్తే సరిపోతుంది.

ఇంగ్లీషువాళ్ల నాలుగు స్తంభాల మంచం చలిదేశపు వస్తువు. మందపాటి పర్దాలు అక్కడ వెచ్చదనం కోసం. 1590 ప్రాంతంలో చేసిన వేర్ మంచం అని ఒకటుంది, వెడల్పే మూడు మీటర్లు దాటుతుంది. మన వీధిలో అది మంచం కాదు, ఒక వాటా.

ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నది ఇనుప చదరపు పైపుల చట్రం. బొమ్మగీసినట్టు గీతలుగా ఉంటుంది, పైన బట్ట లేకపోయినా బాగుంటుంది, చిన్నగదిలో బరువుగా కనిపించదు. ఇండస్ట్రియల్ ఎస్టేట్ పక్కనే ఉన్న ఊళ్లో వెల్డింగ్ చేసేవాళ్లకు కొదవ లేదు. కానీ మనది సముద్రపు గాలి. మామూలు రంగు కొట్టిన ఇనుము అతుకుల దగ్గర మొదట తుప్పు పడుతుంది, ఆ తుప్పు తెల్ల నెట్‌కు అంటితే పోదు. పౌడర్ కోటింగ్ చేయించండి, పైపు కొసలకు మూతలు పెట్టించండి. మూత లేని పైపులోకి తేమ దిగి లోపల్నుంచి తినేస్తుంది.

స్తంభాలే లేకుండా గోడకు ఒక కొయ్యకిరీటమో, సగం చట్రమో బిగించి బట్ట రెండువైపులా జార్చే పద్ధతి ఇంకొకటి. అద్దెయింట్లో ఉండేవాళ్లకు, ఖర్చు తగ్గించుకునేవాళ్లకు ఇదే మంచిదని నా అభిప్రాయం. రెండు మేకులు, ఒక పలక, కొంత బట్ట. ఇల్లు మారితే చేతిసంచిలో పట్టుకుపోవచ్చు. అయితే ఇది అలంకారమే, దోమలను ఆపదు. దానికి వేరే తెర కట్టుకోవాల్సిందే.

అలంకారంలో మన చుట్టుపక్కల సరుకు వాడితే బాగుంటుంది. పెడన కలంకారీ అచ్చు బట్ట తలవైపు పర్దాకు, శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు పక్క పర్దాలకు సరిపోతాయి. యలమంచిలి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్కపూత వేస్తారు. ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. స్తంభాల కొసన పెట్టే బుడిపెలు అక్కడ అడిగి చేయించుకుంటే మామూలు మంచానికి కూడా కళ వస్తుంది. రంగు విషయంలో ఒక మాట: అచ్చమైన తెలుపు వద్దు. మన వీధిలో మేడమీద ఆరేసిన చొక్కా కాలర్ చూసుకున్నవారికి కారణం తెలుసు. లేత గోధుమరంగో, బూడిదరంగో అయితే రెండు ఉతుకుల మధ్య పరువు నిలుస్తుంది.

ఆపా మంచం కథ

మా ఆపా నిఖాకు అబ్బా మసేరీ కొన్నారు. షాపులో చూస్తే దర్జాగా ఉంది. స్తంభాలు పైన బుడిపెతో కలిపి ఎనిమిది అడుగులు. దుల్హాభాయ్ వాళ్లది మెట్టు పక్కన రెండో అంతస్తులో అద్దె వాటా. మెట్ల మలుపులో పట్టెలు తిరగలేదు. విడదీసి, తాళ్లు కట్టి బాల్కనీ వైపు నుంచి ఎక్కించారు. గదిలో బిగించాక ఫ్యాను వేశారు. స్లాబు తొమ్మిది అడుగులది, ఫ్యాను రెక్కలు బుడిపెలకు తగిలేంత దగ్గర. నిఖా రెండు రోజులుందనగా వడ్రంగిని పిలిచి నాలుగు స్తంభాలూ అడుగున్నర చొప్పున కోయించారు. చెక్కడం పని అంతా ఆ కోసిన ముక్కల్లోనే పోయింది. ఆ ముక్కలు అమ్మీ తెచ్చుకుని మేడమీద మల్లెతీగకు ఊతగా పెట్టింది. అప్పు మాత్రం ఆ తరవాత రెండేళ్లు తీర్చాం. నేను అప్పుడే బీకాం అయిపోయి ఖాళీగా ఉన్నాను, ఆ వాయిదాల లెక్క రాసింది నేనే.

అందుకే కొలతల గురించి ఇంత గట్టిగా చెప్తున్నాను. పది పది గది అంటే 100 చదరపు అడుగులు. ఆరు అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు ఉన్న మంచం 39 తీసుకుంటుంది. అయిదడుగుల వెడల్పు అయితే 32.5. ఆ ఒక్క అడుగు తేడాతోనే బీరువా తలుపు తెరుచుకుంటుందో లేదో తేలుతుంది. మంచానికి, బీరువాకు మధ్య కనీసం రెండడుగులు ఉండాలి, నమాజుకు జానమాజ్ పరిచే చోటు వేరే చూసుకోవాలి. మంచం బొమ్మను నేల మీద సుద్దముక్కతో గీసి, చుట్టూ నడిచి చూడండి. షాపుకు ఆ తరవాత వెళ్లండి.

ఎత్తు సంగతి. పదడుగుల స్లాబుకు ఫ్యాను రెక్కలు తొమ్మిది అడుగుల దగ్గర ఉంటాయి. మంచం చట్రం ఏడడుగులు దాటకూడదు, రెండడుగుల ఖాళీ ఉండాలి. స్లాబు తక్కువైతే ఆరున్నరకు దిగండి, లేదా సీలింగ్ ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెట్టుకోండి. పైకప్పుకు దట్టమైన బట్ట వేస్తే ఫ్యాను గాలి కిందికి రాదు. అక్కడ నెట్ మాత్రమే వాడండి.

నెట్ కొనేటప్పుడు చదరపు అంగుళానికి 156 కళ్లుండే రకం అడగండి, దోమతెరలకు ఎక్కువగా వాడేది అదే. అయిదడుగుల మంచం చుట్టుకొలత 23 అడుగులు. మడతలు పడేలా ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 34.5 అడుగులు, అంటే సుమారు పదిన్నర మీటర్లు. కింద పరుపు లోపలికి దోపడానికి పొడవులో ఒక అడుగు ఎక్కువ ఉంచండి. నేలమీద తేలే నెట్ అందానికే, దోమ కిందనుంచి వచ్చేస్తుంది. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది కాబట్టి పసిపిల్లలు మధ్యాహ్నం పడుకున్నా తెర దించాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిపోయాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు. ఆ రాత్రులు పక్కింటి వాళ్ల పిల్లలు కూడా మా నానీ పాత మసేరీలోనే పడుకున్నారు.

తెర లోపల దోమల చుట్ట వెలిగించకండి. నైలాన్ నెట్ నిప్పురవ్వ తగిలితే కరిగి కారుతుంది. చట్రానికి చుట్టే రంగురంగుల లైట్లు పడుకునే ముందు ప్లగ్ తీసేయాలి. పాకే పిల్లలున్న ఇంట్లో పర్దా తాళ్లు వేలాడకూడదు.

డబ్బు లెక్క

ఎవరి స్తోమత వాళ్లది. అయినా లెక్క ఒకటి చూడండి. మంచానికి 60,000 అప్పు తెచ్చి నూటికి రెండు రూపాయల వడ్డీ కడితే ఏడాదికి 14,400 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. వడ్డీ మాట ఎత్తకూడదనే ఇళ్లల్లో కూడా జహేజ్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క నడుస్తోంది. ఫాతిమా (రజి.) ఇంటికి వెళ్లిన సామానులో హదీసులు చెప్పేవి ఒక దుప్పటి, ఒక నీటి తోలుసంచి, గడ్డి నింపిన తోలు దిండు. అక్కడ మంచం ఊసే లేదు.

అటువైపు వాళ్లు అడిగి తీసుకుంటే అది 1961 వరకట్న నిషేధ చట్టం కిందికి వస్తుంది. మీ ఇష్టంతో బిడ్డకు ఇస్తుంటే 1985 నిబంధనల ప్రకారం కానుకల జాబితా రాయాలి. వస్తువు, దాని విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. మంచం బిల్లు అమ్మాయి పేరున తీసుకుని ఆ జాబితాతో కలిపి దాచండి. ఇది అనుమానం కాదు, ఖాతా రాసుకోవడం.

ఆ ఒక్క రాత్రి పూల సేజ్ ముచ్చట తీర్చుకోవాలంటే కొత్త మసేరీ అక్కర్లేదు. డెకరేటర్లు బిగించి విప్పే చట్రాన్ని అద్దెకు తెచ్చి, ఉన్న మంచం చుట్టూ నిలబెడతారు. పూర్ణా మార్కెట్‌లో పూలు మీరే కొని ఇస్తే ఇంకా తగ్గుతుంది. మల్లె, లిల్లీ దండలు చట్రం నుంచి జానెడు జానెడు ఎడంగా వేలాడదీయమనండి, మరీ దట్టంగా కడితే తెల్లవారేసరికి వాడి వాసన మారుతుంది. గులాబీ రేకులు కొత్త దుప్పటి మీద చల్లితే మరక పడుతుంది, కింద ఒక పాత చాదర్ వేయండి. చట్రం అద్దె, బిగింపు కూలి, మర్నాడు విప్పే కూలి మూడూ కలిపి ముందే మాట్లాడుకోవాలి. విప్పే కూలి విషయం మర్నాడు వలీమా హడావుడిలో గుర్తొస్తే బేరానికి టైమ్ ఉండదు.