గ్రంజ్ మెటల్‌ని నిజంగా చంపేసిందా?

"1991లో నిర్వాణా వచ్చింది, మెటల్ పని ఐపోయింది." రాక్ గురించి నలుగురు మాట్లాడుకునే చోట పది నిమిషాల్లో ఈ మాట వచ్చి తీరుతుంది. నల్లగండ్ల నుంచి గచ్చిబౌలికి ఒకే కార్లో వెళ్ళే మా నలుగురి మధ్యా ఇదే గొడవ. ఒకాయన మెటాలికా భక్తుడు. ఇంకొకాయనకి పెర్ల్ జామ్ తప్ప మిగతాదంతా చప్పుడే. మూడో ఆయన ఇళయరాజా ఉండగా వీళ్ళెందుకండీ అంటాడు (ఆయనతో ఎవరం వాదించం). నాకైతే ఆ మొదటి వాక్యమే తప్పనిపిస్తుంది. ఎందుకో చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. మెటల్ పుట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, ఫ్యాక్టరీల ఊళ్ళో. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. వాళ్ళ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో ఒక రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి ఆ వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. గట్టిగా నొక్కితే నొప్పి కాబట్టి తీగలు వదులు చేసుకున్నాడు, పోను పోను శ్రుతీ దించేశాడు. ఆ బరువైన, కిందికి దిగిన శబ్దమే తర్వాత ఒక సంప్రదాయం అయింది. అంటే మనం రోజూ చేసే వర్క్‌అరౌండే అన్నమాట, యాభై ఏళ్ళుగా ప్రొడక్షన్‌లో నడుస్తోంది :)

గ్రంజ్ అమెరికాలోని సియాటిల్ చుట్టుపక్కల 1980లలో పుట్టింది. పంక్‌లోని మొరటుతనం, సబ్బాత్ బరువు రెండూ కలిపి నూరిన పచ్చడి అది. నిర్వాణా, పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చెయిన్స్ - ఈ నాలుగు పేర్లు గుర్తుంటే చాలు.

ఇక అసలు కేసు. 1991 సెప్టెంబరు 24న నిర్వాణా 'నెవర్‌మైండ్' విడుదలైంది. అమెరికాలో మొదట షాపులకి పంపినవి సుమారు 46 వేల కాపీలే. 1992 జనవరికల్లా అది మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని దించేసి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ కథ అందరికీ తెలుసు. 1991 మే నెలలో జరిగిన ఇంకో మార్పు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మన వృత్తి వాళ్ళకి అదే ముఖ్యం.

అప్పటిదాకా బిల్‌బోర్డ్ వాళ్ళు షాపులకి ఫోన్ చేసి "ఏవి బాగా అమ్ముడవుతున్నాయి?" అని అడిగేవాళ్ళు. కౌంటర్ దగ్గరి మనిషి చెప్పిందే డేటా. ఆయనకి నచ్చినవీ, కంపెనీవాళ్ళు ఒత్తిడి పెట్టినవీ పైకొచ్చేవి. 1991 మే నుంచి సౌండ్‌స్కాన్ అనే పద్ధతి వచ్చింది. బార్‌కోడ్ స్కాన్ చేసిన అసలు అమ్మకాలే లెక్క. ఏమైంది? స్కిడ్ రో ఆల్బం జూన్‌లో నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఆగస్టులో మెటాలికా 'బ్లాక్ ఆల్బం' కూడా నేరుగా మొదటి స్థానమే. సౌండ్‌స్కాన్ లెక్కలు మొదలయ్యాక అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బం ఏదంటే ఆ 'బ్లాక్ ఆల్బమే', కోటీ అరవై లక్షల పైచిలుకు. చచ్చిపోయిందంటున్న మెటల్, చచ్చిపోయిందంటున్న సంవత్సరంలోనే ఆ రికార్డు మొదలుపెట్టింది!

ఇంకో తేదీ చూడండి. నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ 1994 ఏప్రిల్ 5న చనిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానంలో దిగిన ఆల్బం పాంటెరాది, 'ఫార్ బియాండ్ డ్రివెన్'. అందులో చాలావరకు రేడియోలో వేసుకోదగ్గ పాటలు కావు, అంత మొరటు మెటల్.

మరి చచ్చిందెవరు? లాస్ ఏంజెలిస్ గ్లామ్ మెటల్. జుట్టుకి స్ప్రే కొట్టుకుని, బిగుతు ప్యాంట్లు వేసుకుని పార్టీల గురించి పాడిన బ్యాండ్లు. ఒక్కటి హిట్టయితే అలాంటివే ఇరవై తీసుకొచ్చి నింపేశాయి కంపెనీలు. జనానికి మొహం మొత్తింది. మన ఫ్యాక్షన్ సినిమాలకి జరిగిందే వాళ్ళకీ జరిగింది. గ్రంజ్ రాకపోయినా ఆ దుకాణం మూతపడేదే.

ఇంకా తమాషా ఏంటంటే, గ్రంజ్‌లో సగం మెటలే. ఆలిస్ ఇన్ చెయిన్స్ 1991లో స్లేయర్, మెగాడెత్, ఆంథ్రాక్స్‌లతో కలిసి టూర్ చేసింది. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ ఆఖరి కచేరీ జరిగితే, మెటాలికా, స్లేయర్‌లతో పాటు ఆ వేదికెక్కిన వాళ్ళలో ఆలిస్ ఇన్ చెయిన్స్ కూడా ఉంది. ఆ తర్వాత పదిహేడు రోజులకే ఆజీ ఆస్‌బోర్న్ పోయాడు. చంపినవాళ్ళని ఎవరైనా అంత దగ్గరగా పిలుచుకుంటారా చెప్పండి?

సరే, ఎవరు ఎవర్ని చంపారన్నది వదిలేద్దాం. ఎవరు ఏం మిగిల్చారన్నది అంతకన్నా మంచి ప్రశ్న. దానికి జవాబు నాకు సియాటిల్‌కీ మన వైపుకీ ఉన్న చుట్టరికంలో దొరికింది.

1970ల మొదట్లో బోయింగ్ వేలమందిని తీసేశాక సియాటిల్ కుదేలైంది. ఊరు వదిలి వెళ్ళే ఆఖరి మనిషి లైట్లు ఆర్పేసి వెళ్ళండంటూ 1971లో హోర్డింగ్ కూడా పెట్టారు. తర్వాత కోలుకున్నా, 1980లలో అది పెద్ద ఖరీదైన ఊరేం కాదు. హోటల్లో గిన్నెలు కడిగో, వారానికి మూడు రోజులు పనిచేసో, నలుగురు కుర్రాళ్ళు ఒక ఇల్లు తీసుకుని రాత్రంతా వాయించుకోగలిగేవాళ్ళు. గ్రంజ్ ఆ తీరిక లోంచి వచ్చింది. 'నెవర్‌మైండ్' మొదటి స్థానానికి వెళ్ళిన 1992లోనే మన హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ళ ఆ పక్కనే రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 1994లో అమెజాన్ అక్కడే మొదలైంది. 1998లో మైక్రోసాఫ్ట్ ఇండియా సెంటర్ హైదరాబాద్‌కి వచ్చింది, అదే ఏడు నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2019లో అమెజాన్ తన భారీ క్యాంపస్‌ని నానక్‌రామ్‌గూడలో తెరిచింది. సియాటిల్‌ని ఖరీదైన ఊరు చేసిన కంపెనీలే మనకీ వచ్చాయన్నమాట. నల్లగండ్ల అపార్ట్‌మెంట్లు కూడా ఆ కథలో ఒక పేజీయే.

గ్రంజ్‌కి కావాల్సింది చవక అద్దె, బోలెడంత ఖాళీ సమయం. ఈ ఐఎంఐల కాలనీల్లో... క్షమించాలి, ఈఎంఐల కాలనీల్లో అవి ఎక్కడివి? సెల్లార్‌లో డ్రమ్స్ పెడితే సాయంత్రానికి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పంచాయితీ. మెటల్ అలా కాదు. దానికి కావాల్సింది క్రమశిక్షణ. మెట్రోనోమ్ పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఒక ముక్కని వెయ్యిసార్లు వాయించాలి. సరళీ వరసల్ని మూడు కాలాల్లో సాధన చేసిన ఇళ్ళ పిల్లలకి ఇది కొత్తేం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ మీద చూపించిన వేగం, శుద్ధత వింటే నా మాట మీకే అర్థమవుతుంది. ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో చేయగలిగిన సంగీతం మెటల్.

అందుకే మన ఊరి నుంచి బయటి ప్రపంచానికి తెలిసిన బ్యాండ్ గాడ్‌లెస్ అయింది, డెత్ మెటల్. 2016లో 'సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్', 2021లో పూర్తి ఆల్బం 'స్టేట్స్ ఆఫ్ ఖేయాస్'. హైదరాబాద్ నుంచి అంత పేరు తెచ్చుకున్న గ్రంజ్ బ్యాండ్‌ని ఒక్కదాన్ని చూపించండి చూద్దాం. వినేవాళ్ళ సంగతీ అంతే. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు రాత్రి బస్సెక్కి వెళ్ళొచ్చిన ఐటీ జనం మీ ఆఫీసుల్లోనూ ఉండే ఉంటారు. మెటల్ వినని మా ఇంట్లోవాళ్ళు కూడా రోజూ దాని ముక్కలే వింటున్నారు. ఇప్పటి తెలుగు సినిమాలో హీరో నడిచొస్తుంటే వెనక గరగరలాడే ఆ గిటార్ ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు?

ఐతే మెటల్ గెలిచినట్టేనా? ఇక్కడ మా పెర్ల్ జామ్ మిత్రుడికి న్యాయం చేయాలి. గ్రంజ్‌ని కూడా మార్కెట్ మింగేసింది. 1992కే గళ్ళ చొక్కాలు న్యూయార్క్ ఫ్యాషన్ షోలకెక్కాయి. కానీ 1994లో పెర్ల్ జామ్, టికెట్ల ధరల మీద అమెరికా ప్రభుత్వానికి టికెట్‌మాస్టర్ గుత్తాధిపత్యం గురించి ఫిర్యాదు చేసి, కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. అప్పుడు ఏమీ తేలలేదు. ముప్ఫై ఏళ్ళకి, 2024లో, అదే అమెరికా న్యాయశాఖ అదే కంపెనీ మీద దావా వేసింది. ఇది చిన్న వారసత్వమా?

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. మెటల్ కోపాన్ని కవచంలా తొడుక్కుంటుంది. గ్రంజ్ కవచం విప్పేసి "నాకు బాగోలేదు" అంది, మగాడి గొంతుతో. మన కారిడార్‌లో ఎవర్నడిగినా "బానే ఉన్నా బాస్" తప్ప ఇంకో జవాబు రాదు, మర్నాడు లేఆఫ్ మెయిల్ రాబోతున్నా సరే. ఆ ఒక్క వాక్యం పలకడం నేర్పిన సంగీతాన్ని తక్కువ చేయలేను.

కానీ దాని ధర కూడా చూడాలి. ఆండ్రూ వుడ్ 1990, కోబేన్ 1994, లేన్ స్టేలీ 2002, క్రిస్ కార్నెల్ 2017. నాలుగు గొంతులు. 1953 నుంచీ దేవదాసుని చూసి ముచ్చటపడుతున్న జాతి మనది, బాధలో అందం వెతకడం మనకి అలవాటే. ఈ నలుగురి విషయంలో మాత్రం ఆ పని చేయొద్దు. వాళ్ళ పాటలు గొప్పవయ్యింది వాళ్ళు పోయినందుకు కాదు. బతికుంటే ఇంకా పాడేవాళ్ళు. పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ ఇంకా పాడుతూనే ఉన్నాడు, నాకు గ్రంజ్‌లో అన్నిటికన్నా నచ్చే సంగతి అదే.

నా తీర్పు ఇది: మెటల్ ఒక బడి, తరం తర్వాత తరం చేరుతూనే ఉంటుంది. గ్రంజ్ ఒక ఉత్తరం, ఒక్కసారే వచ్చింది, కానీ మన పేరు మీదే వచ్చింది. బడి ఎక్కువ రోజులుంటుంది. రాత్రి రెండింటికి నిద్ర పట్టనప్పుడు మాత్రం తీసి చదువుకునేది ఉత్తరమే. ఒప్పుకోని మెటల్ భక్తులు వాదనకి రావచ్చు, ఇళయరాజా అభిమానులకి మాత్రం ముందే దండం పెట్టేస్తున్నాను.