వలపై మూలకణములు

హైదరాబాదునకు తూర్పున ఉప్పల్, నాచారం గలవు. వానికి ఉత్తరముగా కుషాయిగూడ ప్రాంతమున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.–12 అను కంప్యూటరును ఆ సంస్థ 1969లో వెలువరించినది. ఆ యేడే సమీపమున టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రము వెలసినది. విశ్వకిరణములను పరిశీలించు పరికరములు అచటినుండి పై కెగసినవి. మూలకణ శాస్త్రమునకు ఈ రెండు పనులును కావలెను: ప్రకృతిని చూచుట, సిద్ధాంతమును లెక్కించుట. ఈ రెండవ పని చరిత్ర చిత్రమైనది.

ప్రోటానులోని క్వార్కులను బంధించు బలము అతి తీవ్రమగుటచే దాని సమీకరణములు కాగితముపై తేలవు. 1974లో అమెరికా శాస్త్రజ్ఞుడు కెన్నెత్ విల్సన్ స్థలకాలములను గళ్ళవలగా భావించెను. ఆ వలలోని ప్రతి అమరికకును సిద్ధాంతము ఒక సంభావ్యతను నిర్ణయించును. 64×64×64×128 వలలో ముడులు 3 కోట్ల 35 లక్షలకు పైబడును. అమరికలన్నిటిని లెక్కించుట అసాధ్యము, మచ్చులు తీయవలసినదే.

మచ్చు తీయు ఉపాయమును 1953లో మెట్రోపోలిస్, ఆయన సహచరులు చెప్పిరి. ఉన్న అమరికను కొంచెము మార్చవలెను. శక్తి తగ్గినచో మార్పును అంగీకరింపవలెను. పెరిగినచో పాచిక వేసినట్లు తేల్చవలెను. 1980లో మైకేల్ క్రూట్జ్ ఇట్టి మచ్చుల పద్ధతితో, క్వార్కులు విడివడక యుండుటకు విల్సన్ వలపై సాక్ష్యము చూపెను. కాని వల సన్నమైనకొలది వరుస మచ్చులు ఒకదానినొకటి పోలియుండును. నాచారంలో బయలుదేరి ప్రక్క యింటికే పోవు జనాభా లెక్కలవాడు సాయంకాలమునకు ఉప్పల్ కూడ చేరడు. అతని పుస్తకమునుబట్టి నగరమును వర్ణింప వీలగునా?

2019లో అల్బెర్గో, కన్వర్, షానహన్ అను మువ్వురు, అమరికలను తానే సృష్టించు అభ్యసన యంత్రమును ప్రయోగించిరి. అది ప్రక్క యింటికి పోదు. నగరమున ఎచటికైనను దుముకును. దానికి ముందుగా మచ్చులు చూపనక్కరలేదు; సిద్ధాంత సూత్రమే దానికి గురువు. అయినను దాని ఊహ తప్పవచ్చును. కావున ప్రతి అమరికను మెట్రోపోలిస్ నియమము వంటి పరీక్షకు పెట్టి, అంగీకరింతురు లేదా త్రోసివేయుదురు. యంత్రము సరిగా నేర్వనిచో ఎక్కువ మచ్చులు కావలసివచ్చును. తగినన్ని యున్నచో ఫలితము చెడదు.

ఆ తొలి ప్రయత్నము రెండు పరిమాణముల సరళ సిద్ధాంతముపై జరిగినది. అందలి పెద్ద వల 14×14, అనగా 196 ముడులు. వల పెరిగినకొలది యంత్రమునకు నేర్పుట దుస్తరము. నాలుగు పరిమాణముల క్వార్కు లెక్కలకు నేటికిని యంత్రాభ్యసనము లేని పద్ధతులే ప్రధానాధారము. 196 ముడులనుండి 3 కోట్ల ముడులకు బాట పడిననాడే ఈ యంత్రపు విలువ తేలును.